ఇంటికో భుజం

అనుమానం నా వృత్తి. బస్సు కండక్టర్‌కి డిపోలో టికెట్ మిషన్ ఇస్తారు గానీ అనుమానం ఎవరూ ఇవ్వరు. అది మనమే ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకోవాలి. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళే బస్సులో ఎవరైనా కిటికీలోంచి మరీ భక్తిగా బయటికి చూస్తున్నారంటే వాళ్ళ దగ్గర టికెట్ లేనట్టే. నిజంగా నిద్రపోయేవాడి నోరు తెరుచుకుంటుంది. నిద్ర నటించేవాడి నోరు బిగించి ఉంటుంది. ఓణీ వేసుకునే వయసు పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని "దీనికింకా ఐదేళ్ళు నిండనేదు బాబూ" అన్న తల్లిని కూడా చూశాను. ఆ పిల్ల కాళ్ళు ముందు సీటు కింద నుంచి అవతలికొచ్చి ఉన్నాయి.

ఇలా ఊరందర్నీ అనుమానిస్తూ బతికినవాణ్ణి. నన్ను కాస్తా అటు నుంచి ఇటు తిప్పి, అనుమానితుల సీట్లో కూర్చోబెట్టింది నా కుడి భుజం.

వానాకాలం. బస్సు నిండుగా ఉంది. కుడి చేత్తో పైన రాడ్ పట్టుకుని, ఎడం చేత్తో ఒక ముసలమ్మకి చిల్లర ఇస్తున్నాను. మలుపులో గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. నా ఒళ్ళు కళింగపట్నం వైపు వెళ్ళిపోయింది, చెయ్యి శ్రీకాకుళం వైపే ఉండిపోయింది. మధ్యలో భుజం ఎటు వెళ్ళాలో తెలియక టప్ మంది. గేదె మమ్మల్ని ఓసారి చూసి తన దారిన పోయింది. బస్సు కదలాలంటే కండక్టరు "రైట్ రైట్" అనాలి కదా. ఆ రోజు నుంచి నా రైటు రైటుగా లేదు.

ఎముకల డాక్టరు స్కానింగ్ చూసి, కండరం కొంచెం చిరిగింది, అదే అతుక్కుంటుంది అన్నాడు. చెప్పినట్టే అతుక్కుంది. మళ్ళీ స్కానింగ్ తీస్తే భుజం బంగారంలా ఉంది. నొప్పికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. భుజం దగ్గర ఎక్కినది, మెడ దగ్గర దిగిపోతుందనుకున్నాను. దిగలేదు. వీపు, నడుము, తుంటి, మోకాలు, అన్ని స్టేజీలూ తిరిగి మళ్ళీ భుజానికొచ్చింది. టికెట్ అడిగే ధైర్యం నాకు లేదు. పొద్దున్న లేస్తే, రాత్రంతా నన్నెవరో ఉతికి, పిండి, ఆరేయడం మర్చిపోయినట్టుండేది. నిద్రపోయినా నిద్ర పట్టినట్టుండేది కాదు. తలుపు గడియ తీయడానికి కూడా ఆలోచించుకునేవాణ్ణి.

చివరికి విజయనగరంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం, నేనూ మా ఆవిడా. డాక్టరమ్మ మెడ మీద, భుజాల మీద, మోచేతుల దగ్గర బొటనవేలితో నొక్కింది. నొక్కిన చోటల్లా నేను లేచి నిలబడ్డాను. రక్తపరీక్షలన్నీ నార్మల్. ఇంకెవరైనా అయితే పండగ చేసుకుంటారు. నార్మల్ అన్న మాట వినగానే నాకు గుండె జారింది. ఎందుకంటే పక్కనే మా ఆవిడ ఉంది, ఆ మాట ఆమె కూడా విన్నది.

"దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారు" అంది డాక్టరమ్మ. "దెబ్బ మానిపోయినా నొప్పిని చెప్పే నరాలకి గట్టిగా అరిచే అలవాటు పడింది. నటన కాదు. రోజూ కొంచెం నడవాలి, గోడ మీద వేళ్ళు పాకించి చెయ్యి పైకి లేపాలి, వేళకి పడుకోవాలి. బాగుంది కదాని ఒకేసారి ఎక్కువ పని చెయ్యొద్దు, బాగాలేదు కదాని చెయ్యి కట్టేసుకుని కూర్చోవద్దు."

డాక్టరమ్మ "నటన కాదు" అని ఎందుకు అన్నట్టు? నేను అడగలేదు. మా ఆవిడా అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు వచ్చిందంటే ఆ గదిలో ఆ ప్రశ్న ఎవరి మనసులోనో ఉండే ఉంటుంది. దారంతా అదే ఆలోచించాను. మందుల షాపులో కుర్రాడు చీటీ చూసి, గొంతు తగ్గించి, "ఇది దిగులుకి కూడా ఇత్తారండి" అన్నాడు. వాడు గొంతు తగ్గించింది నా కోసం. విన్నది మా ఆవిడ.

ఇక్కడ మా ఆవిడ సంగతి చెప్పాలి. మా సొంత మావ కూతురు. వంశధార పక్కనే మా ఊరు, అదే ఊళ్ళో పుట్టి అదే ఊళ్ళో కాపురానికొచ్చింది. పుట్టింటికి అలిగి వెళ్ళాలంటే పెరటి గోడ దాటితే చాలు. నన్ను చిన్నప్పటి నుంచి "బావా" అనే పిలుస్తుంది. నేను బడికి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి నటించిన రోజులన్నీ ఆమెకి తెలుసు. అదీ చిక్కు.

డిపోలో నాకు లైట్ డ్యూటీ ఇచ్చారు. బస్టాండులో 'విచారణ' అని బోర్డున్న కౌంటర్లో కూర్చుని, మైకులో బస్సుల వేళలు చెప్పడం. జనం బస్సుల గురించి విచారించడం తక్కువ, తోటి కండక్టర్లు నా గురించి విచారించడం ఎక్కువ. "ఏటి గురూ, ఫేను కింద కూసుండే నొప్పి మాకూ ఎక్కడైనా దొరుకుతాదేటి?" అనేవాడొకడు. నవ్వేవాణ్ణి. విచారణ వాళ్ళది, విచారం నాది. తెలుగులో భుజాలు తడుముకున్నాడంటే తప్పు చేసినవాడని అర్థం. నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, అద్దం వెనకాల, అందరికీ కనబడేలా భుజం తడుముకుంటూ కూర్చునేవాణ్ణి. ఇంక వాళ్ళనేం అనుకుంటాం.

ఊరివాళ్ళ అనుమానం నాకు పట్టలేదు. ఇంట్లో అనుమానం పట్టింది.

ముందు కందిపప్పు డబ్బా. ఎప్పుడూ గట్టు మీదుండే డబ్బా పై అరలోకి వెళ్ళింది. నేను ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నప్పుడు దాన్ని దించుకుంటానా లేదా అని. తర్వాత మంచినీళ్ళ క్యాను గుమ్మంలో ఉండిపోయింది. తర్వాత నేను చొక్కా తొడుక్కుంటుంటే బీరువా అద్దంలో ఆమె మొహం కనబడింది. తలుపు చాటున నిలబడి చూస్తోంది. నాకు తెలియని పనా ఇది? దారి మధ్యలో బస్సెక్కి వెనక సీట్లో మామూలు మనిషిలా కూర్చునే చెకింగ్ వాళ్ళని నేను చెప్పుల్ని బట్టి గుర్తుపట్టేవాణ్ణి. ఇంట్లో చెకింగ్ మొదలైందని నాకు అర్థమైంది. అర్థమైందని ఆమెకి తెలియనివ్వలేదు. అలా ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకర్నొకరు గమనిస్తూ, చారు బాగుందంటే బాగుందనుకుంటూ కాపురం చేశాం.

ఒక సాయంత్రం పెరటి గోడ మీంచి వాళ్ళన్నయ్యతో అంటుంటే విన్నాను. "పొద్దున సొక్కా గుండీ ఎట్టుకోనేడు అన్నియ్యా. సాయంత్రానికి దోమతెర కట్టీసినాడు. ఏటనుకోవాల నాను?"

"పైబరు ఏదో అన్నారు గదా. మా ఇంటికొచ్చిన పైబరు లైనూ అంతే. ఉన్నప్పుడు ఉంటాది, పోయినప్పుడు పోతాది" అన్నాడు మా బావమరిది.

ఆమె నవ్వలేదు. అది నన్ను భయపెట్టింది.

దోమతెర కట్టిన మాట నిజం. ఆ జబ్బే అంత. కారణం లేకుండా ఒక పూట వదిలేస్తుంది. చెయ్యి తేలిగ్గా లేస్తుంది, ఒళ్ళు నాదే అనిపిస్తుంది. అలాంటి పూటలకి సంతోషించాలి కదా. నేను హడలిపోయేవాణ్ణి. ఆ ఒక్క పూట ఎవరైనా చూస్తే, నొప్పి పడ్డ రోజులన్నీ అబద్ధాలైపోతాయి. దోమతెర తర్వాత నేను జాగ్రత్తపడ్డాను. బాగున్న రోజు కూడా చెయ్యి కడుపుకి ఆనించుకునే తిరిగాను. గోడ మీద వేళ్ళు పాకించడం ఆమె ఇంట్లో లేనప్పుడే. నిజం నొప్పి ఉన్నవాణ్ణి, నిజం నమ్మించడానికి నటించడం మొదలుపెట్టాను. దాంతో ఉన్న కాస్త కదలికా బిగుసుకుపోతోందని తర్వాతిసారి డాక్టరమ్మ మందలించింది. చెప్తున్నది నాకు, చూస్తున్నది మా ఆవిడ వైపు. ఎందుకు చూసినట్టు?

ఇంతలో అమ్మవారి సంబరం వచ్చింది.

మా ఊళ్ళో సిరిమానుకి, అంటే చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడుగాటి మానుకి, చింతచెట్టు ఎవరి పొలంలో దొరికితే అక్కణ్ణుంచి గుడి దాకా భుజాల మీదే మోసుకురావాలి. బండి కట్టరు, ట్రాక్టరు పెట్టరు. మాను నేల తాకకూడదు. ఇంటికో భుజం, అదీ కుడి భుజం. ఎడం భుజం పాడెకని మా పెద్దల లెక్క. అందరూ ఒకే వరసలో మాను కింద నడుస్తారు. భుజం ఇవ్వని ఇంటి ఆడవాళ్ళ ముర్రాటని, అంటే పసుపునీళ్ళూ వేపరొట్టా వేసిన కుండని, గుళ్ళో అందరికంటే ఆఖరున తీసుకుంటారు. మా ఇంట్లో మగ భుజం నాదొక్కటే.

ఈ ఆచారంలోనే ఒక అనుమానం కూడా ఉంది. అంతమంది మోస్తున్నప్పుడు ఎవడు నిజంగా మోస్తున్నాడు, ఎవడు ఊరికే ఆనుకుని నడుస్తున్నాడు? మాను కింద ప్రతివాడూ ముందువాణ్ణీ వెనకవాణ్ణీ అనుమానిస్తాడు. అందుకే మాను ఎత్తాక, బయల్దేరే ముందు, ఊరిపెద్ద ఒక్కొక్క భుజానికీ మానుకీ మధ్య తువ్వాలు పెట్టి లాగి చూస్తాడు. తువ్వాలు జారి వచ్చిందంటే భుజం దొంగ భుజమని.

ఆ ఊరిపెద్ద నాకు వరసకి చిన్నాన్న. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఒరే అబ్బీ, మీ ఇంటి భుజం వస్తాదా, రాదా?"

"నొప్పి చిన్నాన్నా."

"ఎక్కడ? సూపించు."

చొక్కా జరిపి చూపించాను. కళ్ళజోడు పైకెత్తి దగ్గరగా చూశాడు. "ఏటీ నేదే."

"లోపల."

"మానులో పురుగున్నాదో నేదో నరికి సూస్తాం. నిన్ను నరకనేం గదా."

"ఎవరినైనా మనిషిని మాట్లాడి పంపితే?"

"అమ్మోరికి ఇంటి భుజం గావాల గానీ కిరాయి భుజం ఎందుకురా?" అని మా ఆవిడ వైపు తిరిగి, "నువ్వేటంటావమ్మా?" అన్నాడు.

ఆమె ఒక్కసారి నా వైపు చూసి లోపలికి వెళ్ళింది. ఆ చూపుని నేను వారం పాటు తిరగేసి మరగేసి చూసుకున్నాను.

ఉపాయం బావమరిది చెప్పాడు. "నువ్వు పొట్టోడివి బావా. ముందు నాను నిలబడతాను, యెనకాల మా పెదనాన్న కొడుకుని నిలబెడతాను. ఇద్దరం తాటిసెట్లం. మాను నీకు మీద మీదనే ఎల్లిపోతాది, తగల్దు. తువ్వాలు జారకుండా నీ భుజం మీద మందంగా గుడ్డ సుట్ట ఎట్టుకో. నువ్వు కిందన నడిస్తే సాలు."

అంటే నొప్పి నిజమైనవాణ్ణి, మోత అబద్ధం చెయ్యమంటున్నాడు. మాను కిందికి వెళ్ళడం మానుకో అని భుజం అంటోంది, మానకూడదని ఊరంటోంది. నేను మా ఆవిడ వైపు చూశాను. "బాగానే ఉన్నాది గదా బావా" అంది. పాత చీర తీసి, మడత మీద మడత వేసి, చుట్ట కుట్టడానికి కూర్చుంది.

అది మంచితనమా, పరీక్షా? మాను కిందికి వెళ్ళి క్షేమంగా బయటికొచ్చానంటే, చూశావా ఏమీ లేదు అనుకుంటుంది. వెళ్ళనంటే, పట్టుబడతానని భయపడ్డాడు అనుకుంటుంది. సూది దిగిన ప్రతిసారీ ఒక మడత ఎక్కువ వేస్తోందా, తక్కువ వేస్తోందా అని కళ్ళతో కొలిచాను. ఆమె తల ఎత్తకుండానే, "సూసింది సాలు, తొంగో" అంది.

సంబరం నాడు తువ్వాలు పరీక్షలో నా భుజం పాసైంది. చుట్ట పుణ్యాన తువ్వాలు బిగుసుకుని నిలిచింది. చిన్నాన్న కొంచెం నిరాశపడినట్టు కూడా కనబడ్డాడు. డప్పులు మొదలయ్యాయి, మాను కదిలింది. బావమరిది చెప్పినట్టే మాను నా చుట్టని ఊరికే రాసుకుంటూ వచ్చింది. మళ్ళలో చదునుగా ఉన్నంతసేపూ నేను మాను కింద గొడుగు కింద నడిచినట్టు నడిచాను. సిగ్గేసింది, హాయిగానూ ఉంది. నా వెనకవాడు కూడా నాలాగే ఊరికే నడుస్తున్నాడేమోనని అనుమానం వచ్చిందంటే చూడండి.

కాలవ గట్టు సంగతి మేమెవ్వరం ఆలోచించలేదు.

గట్టు ఎత్తుగా ఉంటుంది. ముందున్న బావమరిది ఎక్కి అవతలికి దిగాడు. వెనకవాడు ఇంకా ఇవతల పల్లంలోనే ఉన్నాడు. గట్టు నడినెత్తి మీద నేను. నాకూ మానుకీ మధ్య ఉన్న కాస్త ఖాళీనీ ఆ చీర చుట్ట పూడ్చేసింది. ముందువాడి భుజం కిందికి, వెనకవాడి భుజం కిందికి, మాను మొత్తం నా మీదికి. పొట్టివాణ్ణని నిలబెట్టినవాణ్ణే ఆ క్షణంలో ఊరందరికంటే పొడుగైపోయాను.

నొప్పిని వర్ణించడం నాకు చేతకాదు. వర్ణించి వర్ణించే నమ్మకం పోగొట్టుకున్నాను. మాను నేల తాకకూడదన్న మాట ఒక్కటే గుర్తుంది. వంగితే వెనక ఉన్నవాళ్ళు కాళ్ళు విరగ్గొట్టుకుంటారు. పళ్ళు బిగించి అడుగేశాను, ఇంకో అడుగేశాను, గట్టు దిగాను. బరువు మళ్ళీ తాటిచెట్ల మీదికి పోయింది. గట్టు పక్కన ఆడవాళ్ళు ముర్రాటలతో నిలబడి ఉన్నారు. మా ఆవిడ వాళ్ళలో ఉందని తర్వాత తెలిసింది. నాకప్పుడు ఎవరూ కనబడలేదు.

గుడి దాకా ఎలా నడిచానో తెలీదు. ఇంటికొచ్చి పడుకున్నవాణ్ణి చాలా రోజులు సరిగ్గా లేవలేదు. భుజం ఒక్కటే కాదు, చెవి తమ్మె కూడా నొప్పి పుట్టింది. దుప్పటి బరువుగా ఉంది. నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాను.

ఊళ్ళో మాత్రం తీర్పు వచ్చేసింది. గట్టు మీద మాను ఒక్కడే మోశాడు, ఇంక నొప్పేమిటి? చిన్నాన్న రచ్చబండ దగ్గర, "ఏటీ నేదని నాను సూసినప్పుడే సెప్పినాను" అన్నాడట. మర్నాడు మధ్యాహ్నం బావమరిది వచ్చి వసారాలో కూర్చున్నాడు. నేను లోపల గదిలో మంచం మీద ఉన్నాను. మూసుకున్న కళ్ళతో వింటున్నాను. నోరు బిగించే ఉంది.

"సూసినావా సెల్లీ, బావ ఎలగ మోసీసినాడో. అమ్మోరి దయ. నొప్పీ నేదు, గిప్పీ నేదు."

కాఫీ గ్లాసు అతని ముందు పెట్టిన చప్పుడైంది. తర్వాత ఆమె గొంతు.

"నువ్వు ముందున్నావు అన్నియ్యా. నీకు మాను తెలస్తాది. నాను మొకం సూసినాను."

"మొకానికేటైనాది?"

"నీకు సెప్పినా తెల్దు. కాఫీ తాగీసి బేగి ఎల్లు. మనిషి తొంగున్నాడు."

అతను వెళ్ళాక ఆమె వచ్చి మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. "నిద్ర నటించకు. నోరు మూసుకునున్నాది" అంది. నా విద్య నా మీదే ప్రయోగించింది. కళ్ళు తెరిచాను.

"నాను నమ్మనేదు బావా."

"తెలుసు. కందిపప్పు డబ్బా."

ఆమె మొహం ఎర్రబడింది. "తెలస్తే ఎందుకు అడగనేదు?"

"అడిగితే డబ్బా కిందికి దిగుతుంది. అనుమానం పైనే ఉంటుంది కదా."

ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడ్చిందో చెమటో చెప్పలేను. "ఇప్పుడూ పూర్తిగా నమ్మీసినానని అనుకోకు. నొప్పి ఉన్నాది, అది సూసినాను. గానీ పొద్దున గుండీ ఎట్టుకోనేనోడివి సాయంత్రం దోమతెర ఎలగ కట్టినావో నాకు ఇప్పటికీ తెల్దు."

"నాకూ తెలీదు" అన్నాను. అది నిజం.

"నీకే తెల్దా?"

"తెలీదు. వస్తుంది, పోతుంది. పోయిన పూట నువ్వు చూస్తావేమోనని భయం."

ఆమె లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. "బాగున్న రోజు దాసకు. నువ్వు దాస్తే నాను ఎతుకుతాను. ఎతికితే దొరుకుతాది. దొరికితే నువ్వు దొంగవనుకుంటాను. బాలేని రోజు నువ్వు సెప్పక్కర్నేదు, మొకం తెలిసిపోనాది నాకు. బాగున్న రోజే సెప్పాల."

నేను సరే అన్నాను. అన్నంత తేలిక కాదు. ఎప్పుడైనా ఆ మాటల్ని పట్టుకుని, చూశావా నువ్వే అన్నావు అంటుందేమోనని నా వృత్తి నాకు చెవిలో చెబుతూనే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు చెప్పడానికి బాగున్న రోజే రాలేదు. భుజం కోలుకునేసరికి ఎండలు ముదిరాయి. గోడ మీద వేళ్ళు పాకించడం ఆమె ఎదురుగానే చేశాను. ఆమె చూసేది. నేను ఆమె చూడటాన్ని చూసేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్న లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. మంచం మీదే కూర్చుని రెండు మనసులతో చాలాసేపు గడిపాను. వంటింట్లోకి వెళ్ళి, నేరం ఒప్పుకుంటున్నవాడిలా, "ఇవాళ బాగుంది" అన్నాను.

ఆమె గరిటె ఆపి నా వైపు చూసింది. అడక్కుండానే సరిగ్గా చిల్లర తీసి ఇచ్చిన ప్రయాణికుణ్ణి నేనెలా చూస్తానో అలా చూసింది.

"నిజవేనా?"

"నిజమే."

"అయితే సంతకెల్దాం రా. సంచీ నువ్వే పట్టాల" అని స్టవ్ ఆపింది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఎడం సేత్తో."